విడిభాగములతో ఇంటనే కంప్యూటరు: ఆన్‌లైను కొనుగోలునందు వహింపవలసిన జాగ్రత్తలు

సైకిలునకు గొలుసొకచోట, టైరొకచోట కొని బిగించుకొనుట మన గ్రామములలో అందరును ఎరిగిన పనియే. బావి మోటారునకు బేరింగు మార్చుటయు అట్టిదే. కంప్యూటరు కూడ ఈ విధముగనే విడిభాగములుగా కొని, ఇంటియొద్దనే కూర్చుకొనదగిన యంత్రము. నేడు పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదువుచున్న గ్రామయువకులు పలువురు ఈ ప్రయత్నము చేయుచున్నారు. వారు చేతిలోని ఫోనుమీదనే భాగములను ఎంచి, సొమ్ము చెల్లించి, పొట్లములను ఇంటికి తెప్పించుకొనుచున్నారు.

ఈ సొమ్ము చిన్నది కాదు. పంట అమ్మిన డబ్బో, పాలకేంద్రమునుండి వచ్చిన డబ్బో, తల్లి పొదుపు సంఘమునుండి తెచ్చిన అప్పో ఇందులో పడియుండును. పొట్లము విప్పగా కోరిన వస్తువునకు మారుగా మరియొకటి బయటపడినను, వస్తువు పనిచేయకున్నను, ఆ కుటుంబము మొదట వచ్చునది తమ వార్డు సభ్యుని యొద్దకే. కావున పంచాయతీ సభ్యులకు ఈ కొనుగోలు యొక్క మర్మములును, చట్టము ఇచ్చిన రక్షణలును కొంత తెలిసియుండుట అవసరము.

ఈ పద్ధతి క్రొత్తది కాదు

ఇంటనే కూర్చుకొనెడి కంప్యూటరు చరిత్రలో తపాలా కొనుగోలుతోనే ప్రసిద్ధికెక్కినది. 1975 జనవరిలో అమెరికాలోని ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖపత్రముపై ‘ఆల్టెయిర్ 8800’ అను యంత్రము ప్రకటితమైనది. ఎమ్.ఐ.టి.ఎస్. అను చిన్న సంస్థ దాని భాగములను పెట్టెలోనుంచి తపాలాలో పంపెడిది. కొన్నవారు తామే వానిని టంకము పెట్టి అతుకుకొనెడివారు. అందు జ్ఞాపకశక్తి కేవలము 256 బైట్లు.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు, అందలి ముఖ్యభాగములను ఇతర సంస్థలయొద్ద కొని కూర్చినది. ఆ మాదిరికి సరిపడు భాగములను అనేకులు తయారుచేయసాగిరి. 1995లో ఇంటెల్ సంస్థ ‘ఏ.టి.ఎక్స్.’ అను కొలత నిర్ణయించిన పిదప పెట్టె, పలక, విద్యుత్ యూనిటు వేరువేరు సంస్థలవి అయినను ఒకదానిలో ఒకటి ఇముడుటకు వీలు కలిగినది. నేడు టంకము పని లేదు. స్క్రూడ్రైవరు ఒక్కటి చాలును.

మన ప్రాంతమున సికింద్రాబాదు పార్క్‌లేనులోని చినాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలోని రిచీ వీధి ఈ భాగములకు పేరొందిన అంగళ్లు. ఆ అంగళ్లకు పోలేనివారికి ఆన్‌లైను వర్తకము మార్గమైనది. అయితే అంగటిలో వస్తువును చేతితో పట్టి చూడవచ్చును. ఆన్‌లైనులో బొమ్మను, వ్రాతను మాత్రమే చూడగలము. జాగ్రత్త అంతయు ఈ భేదమునుండియే పుట్టినది.

భాగము లేవి?

సాధారణ కంప్యూటరునకు కావలసిన భాగములు ఇవి. లెక్కచేయు ప్రాసెసరు; అన్నిటిని కలుపు పలకయగు మదర్‌బోర్డు; పని జరుగుచుండగా సమాచారమును నిలుపు ర్యామ్; పని ముగిసిన పిదపను దాచియుంచు ఎస్.ఎస్.డి.; ఇంటి కరెంటును తగిన వోల్టులలోనికి మార్చు పవర్ సప్లై; వీనినన్నిటిని ఇముడ్చుకొను క్యాబినెట్. ఇవిగాక మానిటరు, కీబోర్డు, మౌసు, యూ.పి.ఎస్. కావలెను.

చదువునకు, కార్యాలయపు పనికి, చిన్న ప్రోగ్రాములు వ్రాయుటకు ప్రత్యేకమగు గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసరులోనే బొమ్మను చూపు శక్తి ఉన్నచో చాలును. ఇచ్చటనే అనేకులు తప్పు చేయుదురు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో అందు ఆ శక్తి ఉండదు. అది కొంత చౌకగా దొరకును; కాని వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొననిచో మానిటరుమీద ఏమియు కనబడదు. వస్తువు చెడినదని భ్రమపడి త్రిప్పి పంపెడివారును కలరు.

ఒకదానికొకటి అమరునా?

ప్రతి ప్రాసెసరునకు సాకెట్ అను పీట ఉండును. పీట మారినచో ప్రాసెసరు కూర్చుండదు. ఇంటెల్ వారి 12, 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ‘ఎల్.జి.ఏ. 1700’ పీట, 2024లో వచ్చిన క్రొత్తవానికి ‘ఎల్.జి.ఏ. 1851’. ఏ.ఎం.డి. వారి రైజెన్ ప్రాసెసర్లలో 5000 వరుస ‘ఏ.ఎం. 4’ పీటకు చెందినది. 2022లో వచ్చిన 7000 వరుస ‘ఏ.ఎం. 5’ పీటకు చెందినది. మదర్‌బోర్డు పేజీలో ఈ పీట పేరు తప్పక వ్రాసియుండును. రెండును సరిపోల్చి చూచిన పిదపనే కొనవలెను.

పీట ఒక్కటే అయినంతమాత్రమున చాలదు. పాత మదర్‌బోర్డులో ఉండు బయాస్ అను ప్రారంభ ప్రోగ్రాము తనకంటె తరువాత వచ్చిన ప్రాసెసరును గుర్తింపకపోవచ్చును. ఉదాహరణకు ‘బి 450’ అను పాత రకపు బోర్డులకు రైజెన్ 5000 వరుస ప్రాసెసరు పెట్టవలెనన్న బయాస్ నవీకరింపబడి యుండవలెను. బోర్డు తయారీదారు తన వెబ్‌సైటులో ఏ ప్రాసెసరునకు ఏ బయాస్ కావలెనో పట్టిక ఇచ్చును. ఆ పట్టికను చూచుటకు పట్టునది ఐదు నిమిషములు మాత్రమే.

ర్యామ్‌లో ‘డి.డి.ఆర్. 4’, ‘డి.డి.ఆర్. 5’ అను రెండు తరములు నేడు దొరకుచున్నవి. రెండింటికిని 288 కాళ్లే. కాని మధ్యనుండు గంటు వేరువేరు చోట్ల ఉండును. కావున ఒకదానిలో మరియొకటి దిగదు. బలవంతముగా నొక్కినచో బోర్డు పాడగును. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది. అది డెస్క్‌టాపునకు పనికిరాదు. 2025 సంవత్సరాంతమున ర్యామ్ ధరలు విపరీతముగా పెరిగినవి. కావున పాత వీడియోలలో చెప్పిన ధరలను నమ్మి లెక్కవేయక, కొను దినమున ఉన్న ధరలనే వ్రాసికొని మొత్తమును కూడవలెను.

‘ఎం. 2’ అను సన్నని ఎస్.ఎస్.డి.లు చూపునకు ఒక్కతీరుగ నున్నను, అందు సాటా, ఎన్.వి.ఎం.ఇ. అను రెండు రకములు కలవు. బోర్డు దేనిని స్వీకరించునో చూడవలెను. క్యాబినెట్ విషయమున ఏ.టి.ఎక్స్. బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు, మైక్రో ఏ.టి.ఎక్స్. 244 మి.మీ. చదరము. పెద్ద పెట్టెలో చిన్న బోర్డు పట్టును. చిన్న పెట్టెలో పెద్ద బోర్డు పట్టదు.

పేరును చూచి మోసపోరాదు

‘ఐ 5 కంప్యూటరు, మిక్కిలి చౌక’ అను ప్రకటనలు తరచు కనబడుచుండును. ఐ 5 అనునది ఒక్క వస్తువు పేరు కాదు. అది ఒక వరుస పేరు. 2012లో వచ్చిన మూడవ తరపు ఐ 5 కలదు. 2022లో వచ్చిన పన్నెండవ తరపు ఐ 5 కూడ కలదు. రెండింటికిని పేరు ఒకటే, శక్తి వేరు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ పక్షమున సాధారణముగ ఎనిమిదవ తరమునకు తక్కువగాని ప్రాసెసరు కావలెను. కావున తరము సంఖ్య చెప్పని ప్రకటనను విడిచిపెట్టుటయే మంచిది. ఉచితముగా లభించు లినక్సును వాడదలచినవారికి ఈ చిక్కు అంతగా ఉండదు.

నమ్మశక్యము కాని కొలతలు చెప్పు ఎస్.ఎస్.డి.లు, పెన్‌డ్రైవులు మరియొక మోసము. పదునారు టెరాబైట్లని చెప్పి కొలదిపాటి ధరకు అమ్ముదురు. లోపల చిన్న చిప్పు నుంచి, పెద్ద కొలత చూపునట్లు దానికి అబద్ధము నేర్పియుందురు. కొంత నింపిన పిదప పాత ఫైళ్లు చెరిగిపోవును. విద్యార్థి వ్రాసికొన్న పాఠములు, కుటుంబపు ఫోటోలు పోయిన తరువాత గాని మోసము తెలియదు.

ప్రాసెసరు విషయమున ‘పెట్టెతో’, ‘ట్రే’ అని రెండు విధములు. పెట్టెతో వచ్చిన దానికి ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు సాధారణముగ మూడేండ్ల వారంటీ ఇచ్చును. ట్రే రకమునకు అమ్మినవాని మాటయే వారంటీ. విదేశమునుండి నేరుగా తెప్పించి అమ్ము వస్తువులకు భారతదేశమున వారంటీ లేకపోవచ్చును. కొనకముందే తయారీదారుని వెబ్‌సైటులో దేశీయ సేవాకేంద్రము కలదేమో చూడవలెను.

అంగడి వేరు, అమ్మకందారు వేరు

పెద్ద ఆన్‌లైను వేదిక ఒక సంత వంటిది. సంత నడుపువాడొకడు, అందు దుకాణము పెట్టినవాడు మరియొకడు. వేదిక పేరు చూచి నమ్మకముంచి, అమ్మకందారు పేరు చూడకుండుట పొరపాటు. 2020 జులైలో అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమముల ప్రకారము వేదిక తనయందు అమ్ము వర్తకుని పేరు, చిరునామా, వినియోగదారుల సేవా సంఖ్య కొనువారికి తెలుపవలెను. వస్తువు ఏ దేశమున తయారైనదో కూడ తెలుపవలెను. ఆ వివరములు లేనిచోట కొనరాదు.

వేదికను వదలి, ఫోనులో సందేశము పంపి ‘నేరుగా నాకు సొమ్ము పంపుము, ధర తగ్గింతును’ అని పిలుచువానిని నమ్మరాదు. వేదిక వెలుపల చెల్లించిన సొమ్మునకు వేదిక బాధ్యత వహింపదు. జి.ఎస్.టి. బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లుమీది తేదీ వారంటీకి ఆధారము.

దినముల లెక్క

అనుభవము లేనివారు తరచు చేయు తప్పు ఇది. ఈ నెల ప్రాసెసరు, వచ్చు నెల బోర్డు, ఆపై నెల ర్యామ్ అని సొమ్ము చేతికి వచ్చిన కొలది కొందురు. వస్తువును త్రిప్పి ఇచ్చుటకు వేదికలు ఇచ్చు గడువు కొలది దినములు మాత్రమే. ప్రాసెసరు ఒక్కటి చేతనున్నంతమాత్రమున అది పనిచేయునో లేదో తెలియదు; అన్ని భాగములు కూడిననే తెలియును. మూడు నెలల తరువాత దోషము బయటపడునప్పటికి గడువు దాటిపోవును. పిదప సేవాకేంద్రమునకు పంపి, వారముల తరబడి వేచియుండుట తప్ప గతి లేదు.

కావున సొమ్మంతయు సమకూడిన పిదప భాగములనన్నిటిని ఒకే వారమున చేరునట్లు తెప్పించుకొనవలెను. ఏ వస్తువునకు ఎన్ని దినముల గడువో, సొమ్ము తిరిగి ఇత్తురో, లేక వస్తువు మాత్రమే మార్చి ఇత్తురో కొనకముందే వ్రాసికొనవలెను. మానిటరు, కీబోర్డు, మౌసు మాత్రము ముందు కొనినను చిక్కు లేదు. వానిని తెలిసినవారి కంప్యూటరునకు తగిలించి పరీక్షింపవచ్చును.

పొట్లము వచ్చిన దినమున

పొట్లము విప్పకముందే ఫోనుతో వీడియో తీయుట మొదలిడవలెను. చిరునామా చీటీ, నాలుగు ప్రక్కలు, అంటించిన పట్టీ చూపి, మధ్యలో ఆపక, వస్తువు బయటికి వచ్చి దానిమీది సీరియల్ సంఖ్య కనబడువరకు తీయవలెను. పెట్టెమీది సంఖ్యయు, వస్తువుమీది సంఖ్యయు ఒకటేనా అని చూడవలెను. లోపల మరియొక వస్తువున్నచో ఈ వీడియోయే సాక్ష్యము. గడువు ముగియువరకు పెట్టెలను, సంచులను పారవేయరాదు.

నేటి ఇంటెల్ బోర్డులలోను, ఏ.ఎం. 5 బోర్డులలోను పీటయందే సన్నని సూదులవంటి కాళ్లుండును. అవి వంగినచో సాధారణముగ వారంటీ వర్తింపదు. బోర్డు వచ్చినవెంటనే మూత తీసి ఆ కాళ్లను ఫోటో తీసి ఉంచుకొనవలెను, వ్రేలితో తాకరాదు. ప్రాసెసరు మూలనున్న త్రిభుజపు గుర్తును పీటమీది గుర్తుతో కలిపి, నొక్కక మెల్లగా దించవలెను.

అన్నిటిని క్యాబినెట్‌లో బిగింపకముందే బోర్డును దాని అట్టపెట్టెమీద నుంచి, ప్రాసెసరు, కూలరు, ఒక్క ర్యామ్, పవర్ సప్లై మాత్రము తగిలించి వెలిగించి చూడవలెను. తెరమీద బయాస్ కనబడినచో ముఖ్యభాగములు బాగుగనున్నవని అర్థము. దోషమున్నచో ఏ భాగమునందున్నదో ఈ దశలోనే సులభముగ తెలియును.

విద్యుత్తు విషయము

గ్రామములలో వోల్టేజి హెచ్చుతగ్గులు ఎక్కువ. పేరులేని చౌక పవర్ సప్లై మొదట తాను కాలి, ఒక్కొక్కప్పుడు తనతోబాటు బోర్డును, ఎస్.ఎస్.డి.ని కూడ పాడుచేయును. వెలను తగ్గింపదలచినవారు క్యాబినెట్ అందమునందు తగ్గింపవచ్చును. పవర్ సప్లైయందు తగ్గింపరాదు. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రమునకు ‘80 ప్లస్’ ముద్ర గల 450 వాట్ల యూనిటు సరిపోవును.

సాధారణపు 600 వి.ఏ. యూ.పి.ఎస్. సుమారు 360 వాట్ల భారమును మోయును. కరెంటు పోయినపుడు పని దాచుకొని యంత్రమును ఆర్పుటకు అది చాలును. యూ.పి.ఎస్.మీదను, మానిటరుమీదను భారతీయ ప్రమాణముల సంస్థ వారి ముద్రయు, ‘ఆర్’తో మొదలగు నమోదు సంఖ్యయు ఉండవలెను. ఆ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ఇంటికి ఎర్తింగు లేనిచో ముందు అది చేయింపవలెను. క్యాబినెట్ తాకినపుడు షాకు తగులుట యంత్రపు దోషము కాక ఎర్తింగు లోపము కావచ్చును. అది ప్రాణాపాయము కూడ.

చిక్కు వచ్చినచో

వినియోగదారుల రక్షణ చట్టము, 2019, 2020 జులై 20నుండి అమలులోనికి వచ్చినది. దోషముగల వస్తువును, నకిలీ వస్తువును, ప్రకటనలో చెప్పినట్లు లేని వస్తువును తిరిగి తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదని ఇ-కామర్స్ నియమములు చెప్పుచున్నవి. సభ్యులు బాధితునికి ఈ క్రమమును తెలుపవలెను.

మొదట గడువులోపల వేదికయందే ఫిర్యాదు నమోదు చేయవలెను. పిదప వేదికయొక్క ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకముగ తెలుపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలోపల పరిష్కరింపవలెను. ఫలితము లేనిచో 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమున తెలుగులోనే చెప్పుకొనవచ్చును. అప్పటికిని తెగనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. కొన్నవాడు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును; అమ్మకందారు ఊరికి పోనక్కరలేదు. వస్తువు వెల ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయు వాదించుకొనవచ్చును. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను.

వ్యాపారము కొఱకు కొన్నవాడు ఈ చట్టమున వినియోగదారుడు కాడు. అయితే స్వయముగా పనిచేసికొని జీవనోపాధి గడించుటకు కొన్నవానికి రక్షణ కలదు. కావున ఊరిలో తానే కూర్చుండి దరఖాస్తులు నింపిపెట్టు యువకుడు తనకు హక్కు లేదని వెనుదీయనక్కరలేదు.

నకిలీ వెబ్‌సైటునకు సొమ్ము పంపి మోసపోయినచో అది వినియోగదారు తగవు కాదు, నేరము. క్షణమైన ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే తెలిపినచో బ్యాంకులో దానిని నిలుపుటకు అవకాశము ఎక్కువ. ‘సొమ్ము వాపసు ఇత్తుము, మీ యూ.పి.ఐ. పిన్ నొక్కుడు’ అనినచో అది మోసమని గ్రహింపవలెను. పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. సహాయకేంద్రపు సంఖ్యను వేదికయొక్క స్వంత యాప్‌లోనే చూడవలెను. వెదకగా కనబడిన ప్రతి సంఖ్యయు నిజమైనది కాదు.

పంచాయతీ సొమ్ముతో కాదు

ఇంతవరకు చెప్పినది వ్యక్తుల కొనుగోలు. పంచాయతీ కార్యాలయమునకు గాని, గ్రంథాలయమునకు గాని కంప్యూటరు కావలసినపుడు ఈ మార్గము తగదు. ప్రజాధనమునకు తీర్మానము, నిర్ణీత కొనుగోలు పద్ధతి, ఆడిటు కలవు. ప్రభుత్వ కొనుగోళ్లకు 2016లో ‘జెమ్’ వేదిక ఏర్పడినది. 2023 ఏప్రిల్ 24న దానిని పంచాయతీల ఇ-గ్రామ్ స్వరాజ్ లెక్కలతో కలిపినారు. విడిభాగముల యంత్రమునకు ఎనిమిది భాగములకు ఎనిమిది వారంటీలు. సభ్యులు మారిన పిదప ఆ బిల్లులను వెదకువారుండరు. కార్యాలయమునకు ఒకే వారంటీ గల సిద్ధయంత్రమే మేలు.

పాత కంప్యూటరు మందగించినచో దానిని పారవేయకముందు పాత హార్డ్‌డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. వేయించి చూడవలెను. అనేక సందర్భములలో అదియే చాలును. పనికిరాని భాగములను, తీగలను రాగి కొఱకు కాల్చరాదు. ఆ పొగ విషము. 2022 ఇ-వ్యర్థముల నియమములననుసరించి నమోదైన పునఃశుద్ధిదారులకే వానిని చేర్పవలెను.

సభ్యులు చేయదగిన పని

విడిభాగములతో కంప్యూటరు కూర్చిన యువకుడు యంత్రమును భయపడక విప్పగలడు, చెడిన భాగమును తానే మార్చగలడు. అట్టివాడు ఒక్కడు ఊరిలోనున్నచో పాఠశాలకును, పాలకేంద్రమునకును, పంచాయతీకిని ఉపయోగపడును. అతని మొదటి ప్రయత్నము మోసముతో ముగిసినచో సొమ్ముతోబాటు ఉత్సాహము కూడ పోవును.

కావున 1915, 1930 సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. గ్రామసభలో ఒక మారు ఈ విషయమును ముచ్చటింపుడు. ఎవరైన కొనబోవుచున్నారని తెలిసినచో మూడు ప్రశ్నలు అడుగుడు: భాగములు ఒకదానికొకటి అమరునని సరిచూచితివా? అమ్మువాడెవ్వడో తెలిసినదా? త్రిప్పి ఇచ్చు గడువు ఎన్ని దినములు? ఈ మూడింటికి సమాధానము చెప్పగలిగినవానికి ధైర్యము చెప్పి పంపుడు. చెప్పలేనివానిని ఆ దినమునకు ఆగుమనుడు. ఒక్క దినము ఆగుటవలన పోవునదేమియు లేదు.